అప్‌డేట్: పాము కంటిపై ఫోకస్ కుదిరింది

అమలాపురంలో మా బావగారు పెంచుతున్న కార్న్ స్నేక్‌ను ఎఫ్/2.8 వద్ద, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, తీస్తే ముక్కు స్పష్టంగా, కన్ను మసకగా వస్తోందని గతవారం ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్లు 100 ఎం.ఎం. మాక్రో లెన్స్‌ను (దగ్గరి నుంచి తీసే లెన్స్) ఎఫ్/11కు మార్చి, అంటే రంధ్రాన్ని చిన్నది చేసి ఫోకస్‌లో ఉండే లోతును పెంచి, ఫోకస్ బిందువును కంటిపైనే నిలిపి, తల పక్కభాగం కెమెరా సెన్సార్‌కు సమాంతరంగా ఉండేలా వరండాలో బోర్లా పడుకుని తీయగా, ముక్కు నుంచి దవడ చివరి వరకు పొలుసులన్నీ తేటగా వచ్చాయి. రంధ్రం మరీ చిన్నదయ్యే ఎఫ్/22 వద్ద మాత్రం వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల వాటి అంచులు మెత్తబడ్డాయి, నాకది నచ్చలేదు. తగ్గిన వెలుతురును పంచెగుడ్డ చాటున పెట్టిన ఫ్లాష్ భర్తీ చేసింది. మరో పొరపాటు నాదే: అప్పట్లో పాము కుబుసం విడిచే దశలో ఉండి కంటిపై పాలనీలపు మసక కమ్మగా, అదంతా ఫోకస్ లోపమేననుకున్నాను. కుబుసం విడిచాక తీసిన ఫొటోలో, ఆ నున్నటి కంటిలో, పెరటి కొబ్బరిచెట్టు నీడ కూడా కనిపిస్తోంది.