డబ్బులు కట్టించుకుని ‘అమెజాన్ నంబర్ వన్ రచయిత’ని చేస్తామనేవాళ్ళు: మోసమా, మార్కెటింగా?

సీతాఫల్‌మండి_సుధ:
మా బాబాయ్ రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పట్నుంచీ కథలు రాసుకుంటున్నారు, ఎవరికీ పంపలేదు. పోయినేడాది ఫేస్‌బుక్‌లో యాడ్ చూసి ఒక కంపెనీకి 68 వేలు కట్టారు. ఎడిటింగ్, కవర్, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు), వంద కాపీలు, ఒక అవార్డు, ‘అమెజాన్ నంబర్ వన్ గ్యారంటీ’ అన్నీ ప్యాకేజీలోనే అన్నారు. పుస్తకం అయితే వచ్చింది, కానీ పాత ‘అను’ ఫాంట్‌లో టైప్ చేసిన ఫైల్‌ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఊడిన ఒత్తులు ఊడినట్టే ప్రింటయ్యాయి, ఎడిటింగ్ పేరుతో తీసుకున్న డబ్బుకి ఎవరు ఏం చదివారో తెలీదు. తర్వాత నంబర్ వన్ అని స్క్రీన్‌షాట్ పంపారు, బాబాయ్ ఫ్రేమ్ కట్టించారు. ఇప్పుడు మళ్ళీ ఫోన్. మీ కథ సినిమావాళ్ళకి నచ్చింది, ఫిల్మ్‌నగర్‌లో నెరేషన్ పెట్టిస్తాం, ట్రీట్‌మెంట్ (కథని సినిమాకి తగ్గట్టు విడమర్చి రాసేది) రాయించడానికి ఇంకో లక్షా ఇరవై వేలు కట్టండి అని. ఆయన ఎఫ్‌డీ తీస్తానంటున్నారు, వద్దన్నందుకు నాతో మాట్లాడ్డం మానేశారు. ఇది మోసం కాదా? ఇలాంటిది ఎవరికైనా జరిగితే చెప్పండి.

మెహదీపట్నం_నాని:
ముందు ఎఫ్‌డీ తీయకుండా ఆపండక్కా. మిగతాది తర్వాత.

కథల_కిరణ్:
సుధ గారూ, సినిమా సంగతి నాకు తెలీదు, అది పక్కన పెడదాం. కానీ స్క్రీన్‌షాట్ మోసం అంటే ఒప్పుకోను. నా పుస్తకం కూడా ఇలాగే వేయించుకున్నా, నాది కూడా నంబర్ వన్ వచ్చింది, నా ఫోన్‌లో నేనే ఓపెన్ చేసి చూశా. ఎవరూ ఫొటోషాప్ చెయ్యలేదు. ఉన్నదాన్ని ఉందని చెప్పుకుంటే మోసం ఎలా అవుతుంది?

పాతపుస్తకం:
కిరణ్ గారు, ఏ కేటగిరీలో నంబర్ వన్, ఎంతసేపు, ఎన్ని కాపీలకి? ఈ మూడూ చెప్పండి. ఆ ర్యాంకు గంటగంటకీ మారుతుంది, ప్రతి చిన్న ఉపవిభాగానికీ విడిగా ఉంటుంది. ఎవరూ కొనని విభాగంలో పుస్తకం పెట్టి, ఒకే గంటలో నలుగురితో కొనిపిస్తే పైకొచ్చేస్తుంది. అమెరికాలో 2016లో ఒక మార్కెటింగ్ మనిషి తన పాదం ఫొటో తీసి దాన్నే పుస్తకంగా అమెజాన్ ఈబుక్ స్టోర్ కిండిల్‌లో పెట్టాడు. రహస్య సంఘాల గురించిన విభాగం ఎంచుకున్నాడు, తనూ ఒకరిద్దరు స్నేహితులూ కొనేసరికి నంబర్ వన్ ముద్ర పడింది. అదంతా ఆయనే రాసి బయటపెట్టాడు. స్క్రీన్‌షాట్ అసలుదే కావచ్చు, దాన్ని చూసి ‘వేలమంది కొన్నారు’ అని జనం అనుకోవాలనే కదా వాడేది, మోసం అక్కడ ఉంది.

కథల_కిరణ్:
అసలుదే అని మీరే ఒప్పుకున్నారు కదండీ. అయిపోయింది.

పాతపుస్తకం:
అవ్వలేదు. మూడు ప్రశ్నలు అడిగా, ఒక్కదానికి జవాబు లేదు.

కథల_కిరణ్:
కేటగిరీ పొయెట్రీ కిందది ఏదో. ఎంతసేపో గుర్తులేదు. ర్యాంక్ నంబర్ వన్. సినిమావాళ్ళు మొదటిరోజు పోస్టర్ మీద వేసే కలెక్షన్లని ఎవరూ నిలదీయరు, ఒక చిన్న రచయిత తన బయోలో ఒక లైను రాసుకుంటే మాత్రం అందరికీ లెక్కలు కావాలి.

ఉప్పల్_రేవతి:
కవితల పుస్తకమా కథలా? ఇందాక ప్రొఫైల్‌లో కథలు అని ఉంది.

కథల_కిరణ్:
కథలే మేడమ్. కేటగిరీ వాళ్ళే పెట్టారు.

పాతపుస్తకం:
కథల పుస్తకం పొయెట్రీలో నంబర్ వన్. ఇంక నేను చెప్పేదేముంది, ర్యాంకు తేలిగ్గా వచ్చే చోటు వెతికి అందులో పడేశారు.

డీటీపీ_యాదగిరి:
అందరికి నమస్తే. నేను నల్లకుంటల డీటీపీ చేస్త, శాన ఏండ్ల సంది ఇదే పని. ర్యాంకు గొడవ ఇడిసిపెట్టి పైసల లెక్క చూడుర్రి. డెమీ సైజు (మామూలు కథల పుస్తకం సైజు), 160 పేజీలు అంటే పది ఫారాలు, ఫారానికి పదహారు పేజీలు. నా దగ్గర ఇట్లాంటి పుస్తకం ఐదొందల కాపీలు ఏస్తే టైపింగు, రెండు ప్రూఫులు, లామినేషన్ కవరు అన్ని కలిపి ఆ 68 వేలల్ల అయిపోతది, ఇంకొంచెం మిగుల్తది కూడ. పేపర్ రేటు పెరిగినప్పుడు తేడా ఉంటది. సుధమ్మ వాళ్ళ బాబాయికి వచ్చినయి వంద. మిగతా పైసలు యాడికి వోయినయి? ఐఎస్‌బీఎన్‌కి పైసలు తీస్కున్నరంటే అది ఇంకా అన్యాయం. మన దేశంల అది ఫ్రీ. ఢిల్లీల రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ అని కేంద్ర విద్యాశాఖ కింద ఉన్నది, ఆన్‌లైన్‌ల అప్లయ్ చేస్తే రచయిత పేరు మీదనే ఇస్తరు. నేనే మస్తుమందికి చేసి పెట్టిన, ఒక్క రూపాయి తీస్కోలే.

సీతాఫల్‌మండి_సుధ:
యాదగిరి గారూ, వాళ్ళ బిల్లులో ‘ఐఎస్‌బీఎన్ అండ్ కాపీరైట్ ప్రొటెక్షన్’ అని 7,500 విడిగా ఉంది. కాపీరైట్ రాసినప్పుడే రచయితకి వచ్చేస్తుందని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని మా ఆఫీస్‌లో లీగల్ ఆవిడ చెప్పారు. కావాలనుకుంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఐదొందలేనట. ఇంకోటి, ప్యాకేజీలో ‘కిండిల్ వరల్డ్‌వైడ్ రిలీజ్’ అని కూడా ఉంది.

పాతపుస్తకం:
ఆ కిండిల్ సంగతి గట్టిగా అడగండి. 2016 డిసెంబర్‌లో కిండిల్‌లో మన దేశ భాషలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఇచ్చారు, తెలుగు ఇవ్వలేదు. అప్పట్నుంచీ తెలుగు రచయితలు మొత్తుకుంటూనే ఉన్నారు. మీ బాబాయ్ పుస్తకం ఏ రూపంలో, ఏ లింకులో పెట్టారో రాతపూర్వకంగా చెప్పమనండి.

బోడుప్పల్_శ్రీను:
మా ఆవిడ కూడా ‘కో ఆథర్’ అని 499 కట్టింది, యాభై మంది కవితలు ఒకే పుస్తకం, అందరికీ సర్టిఫికెట్. ఆ పుస్తకం ఆ యాభై మందే కొనుక్కున్నారు.

కథల_కిరణ్:
ఇష్టపడి కట్టింది కదండీ, ఎవరైనా మెడ మీద కత్తి పెట్టారా? ఇక్కడ ఒక్కరు కూడా మాట్లాడని విషయం నేను అడుగుతా. తెలుగులో డబ్బులు కట్టకుండా కొత్తవాళ్ళ పుస్తకం ఎవరు వేస్తున్నారు? పేరున్న ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళా. ప్రింటింగ్ ఖర్చు మీరు పెట్టుకోండి, మా పేరు, మా లోగో వేస్తాం, కాపీలు మీ ఇంటికే పంపిస్తాం అన్నారు. దుకాణాల్లో ఇస్తే నలభై శాతం దాకా కమీషన్, అమ్మాకే డబ్బులు, అది కూడా మనం పదిసార్లు ఫోన్ చేస్తే. మరి దీన్ని మీరు సాహిత్య సేవ అంటారు, నేను కట్టినదాన్ని స్కామ్ అంటారు. రెండింట్లో డబ్బు నాదే కదా!

డీటీపీ_యాదగిరి:
కిరణ్ తమ్మీ చెప్పింది అబద్ధం గాదు. నా దగ్గరికొచ్చే పుస్తకాలల్ల సగానికంటె ఎక్కువ రచయిత పైసలతోనే అయితయి, మీద పేరు మాత్రం ఇంకోలది ఉంటది.

పాతపుస్తకం:
సొంత ఖర్చుతో వేసుకోవడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ కథల్ని ముందు నలుగురు చదివుంటారు, పత్రికల్లో వచ్చుంటాయి, ఎవరో ఒకరు బావుందనో బాలేదనో అనుంటారు. ఈ ప్యాకేజీలవాళ్ళు ఎవరి రాతనీ కాదనరు, చదివితే కదా కాదనడానికి. డబ్బులిచ్చి రచయిత అనే పేరు కొనుక్కునేవాళ్ళు పెరిగిపోయి నిజంగా రాసేవాళ్ళు ఆ గుంపులో కనపడకుండా పోతున్నారు. బుక్‌ఫెయిర్‌కి వస్తే ఏ స్టాల్ చూసినా ‘బెస్ట్ సెల్లర్’ స్టిక్కరే.

కథల_కిరణ్:
ఆఁ, ఇప్పుడు బయటకొచ్చింది. ‘పేరు కొనుక్కునేవాళ్ళు’. ఇంతసేపూ ర్యాంకు, కేటగిరీ, గంట అంటూ తిప్పారు, మీ బాధ అది కాదు, మాలాంటోళ్ళు రచయితలం అనుకోవడమే మీకు కష్టంగా ఉంది. నేను ఆరేళ్ళు పత్రికలకి పంపానండీ, తిప్పి పంపే కవరు పోయి ఈమెయిల్ వచ్చింది, ఈమెయిల్‌కి కూడా జవాబు రాదు. ఒక సభలో ఒక పెద్ద రచయితకి నా కథలు ఇస్తే నా ముందే కుర్చీలో వదిలేసి భోజనానికి వెళ్ళిపోయారు. ఎవరి శిష్యులో, ఎవరి ఊరోళ్ళో, వాళ్ళ సంకలనాల్లో వాళ్ళే ఉంటారు, ముందుమాట వాళ్ళే రాసుకుంటారు, అవార్డు కమిటీలోనూ వాళ్ళే. మీ వ్యాసాల పుస్తకం నా దగ్గరుంది, ప్రతులకు అని మీ ఇంటి అడ్రసే ఉంది. మీరూ డబ్బులు పెట్టుకున్నారు. మీకు ముందుమాట రాసేవాళ్ళు దొరికారు, నాకు దొరకలేదు, తేడా అంతే.

పాతపుస్తకం:
నా పుస్తకం గురించి ఎందుకు? నేను ఎక్కడా నంబర్ వన్ అని వేసుకోలేదు. ఎన్ని అమ్ముడుపోయాయో ఎవరడిగినా చెప్తాను, 212, మిగతావి ఇంట్లో ఉన్నాయి. మీరు మీది చెప్పండి.

మెహదీపట్నం_నాని:
అన్నా ఇద్దరూ కొంచెం ఆగండి

కథల_కిరణ్:
చెప్పను. ఎందుకంటే వాళ్ళు నాకు లెక్క ఇవ్వలేదు. ‘హండ్రెడ్ పర్సెంట్ రాయల్టీ’ అన్నారు, ప్రింటింగ్, అమెజాన్ కమీషన్, హ్యాండ్లింగ్ తీసేశాక మిగిలిందాంట్లో హండ్రెడ్ పర్సెంట్ అట, మిగల్లేదన్నారు. అయినా సరే, రేపు మళ్ళీ పుస్తకం వేయాల్సొస్తే వాళ్ళ దగ్గరికే వెళ్తా. ఆ ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి ‘మీ కథల గురించి చెప్పండి సార్’ అన్నారు. ఇక్కడ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అమ్మకి పుస్తకం మీద నా పేరు చూపించా. దానికి మీరు ఏ ర్యాంకు పెడతారో పెట్టుకోండి.

మోడరేటర్:
వ్యక్తిగత పుస్తకాల జోలికి వెళ్ళొద్దు. కంపెనీల పేర్లు, ఫోన్ నంబర్లు పెడితే పోస్ట్ తీసేస్తాం.

ఉప్పల్_రేవతి:
కిరణ్, నువ్వు చెప్పిన అవమానాలు నిజం, నాకూ జరిగాయి, ఆడదాన్ని కాబట్టి ఇంకో నాలుగు ఎక్కువ జరిగాయి. అయినా నువ్వు అడగాల్సింది వాళ్ళని. ‘మీ కథల గురించి చెప్పండి’ అన్న మనిషి నీ కథలు చదివి ఉంటే పొయెట్రీలో పెట్టేవాడా? మన పెద్దలు గౌరవం ఇవ్వకపోవడం ఒక తప్పు. ఆ లోటుని కనిపెట్టి దానికి రేటు కట్టి అమ్ముకోవడం ఇంకో తప్పు. మొదటిదాని మీద కోపంతో రెండోదాన్ని వెనకేసుకొస్తున్నావు. డబ్బు పెట్టుకోవడం తప్పని నేను అనను, యాదగిరి అన్న దగ్గరికి వెళ్తే ఐదొందల కాపీలకి ఇంత అని చెప్పి ఐదొందల కాపీలు ఇస్తాడు, పాఠకుల్ని కూడా ఇస్తానని చెప్పడు. వాళ్ళు పాఠకులు వస్తారని చెప్పి తీసుకున్నారు.

డీటీపీ_యాదగిరి:
నేను అమ్మి పెడ్త అని ఎవ్వలికి చెప్పలే. మొదలే చెప్త, అమ్ముడు మీ పని, డిసెంబర్ల ఎన్టీఆర్ స్టేడియం బుక్‌ఫెయిర్‌ల ఎవలన్న ఎరికైనోళ్ళ స్టాల్ల పెట్టుకోర్రి, లైబ్రరీలకు అప్లయ్ చేస్కోర్రి అని.

సీతాఫల్‌మండి_సుధ:
నా అసలు ప్రశ్న ఎక్కడికో పోయింది. బాబాయ్‌కి రేపు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తారు. ఈ సినిమా మాట ఎంతవరకు నమ్మాలి?

పాతపుస్తకం:
అస్సలు నమ్మొద్దు. సినిమావాళ్ళకి కథ నచ్చితే హక్కుల కోసం వాళ్ళు మీకు డబ్బులివ్వాలి, మీరు వాళ్ళకి ఇవ్వడం ఉండదు. ఇదే పద్ధతి మీద అమెరికాలో పెద్ద కేసు పెట్టారు. ఫిలిప్పీన్స్‌లో కూర్చుని ఫోన్లు చేయించి, మీ పుస్తకం హాలీవుడ్ స్టూడియోవాళ్ళు అడుగుతున్నారు, ముందు ఈ ఫీజు కట్టండి అని ఎక్కువగా పెద్ద వయసు రచయితల దగ్గర లాగారని అభియోగం. శాన్‌డియాగో ప్రాసిక్యూటర్లు 2025 జనవరిలో చెప్పిన లెక్క ప్రకారం 800 మందికి పైగా బాధితులు, 4.4 కోట్ల డాలర్లు. ఒకసారి కట్టినవాళ్ళ దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తారు.

సీతాఫల్‌మండి_సుధ:
ఇది ప్రింట్ తీసి చూపిస్తా. కాంట్రాక్ట్ కూడా ఇవాళ మొత్తం చదివాను. ఏడో క్లాజ్‌లో ‘అన్ని భాషలు, అన్ని మాధ్యమాలు, ప్రపంచవ్యాప్తంగా, కాపీరైట్ కాలం మొత్తం’ హక్కులు వాళ్ళవే అని ఉంది. అంటే రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. బాబాయ్ సంతకం పెట్టేశారు. డబ్బు కంటే నాకు ఇదే భయంగా ఉంది, రేపు ఆయన కథని ఆయనే ఇంకో చోట వేసుకోలేరు.

బోడుప్పల్_శ్రీను:
వామ్మో, జీవితాంతమా

ఉప్పల్_రేవతి:
సుధ, మా తమ్ముడు వకీలు, వాణ్ణి అడిగా. కాలం, ప్రాంతం రాయకపోతే చట్టమే ఐదేళ్ళు, మన దేశం వరకే అని తీసుకుంటుందట, మీ కాంట్రాక్ట్‌లో రెండూ రాశారు కాబట్టి అది వర్తించదు. కానీ చెప్పిన పనులు చెయ్యకుండా డబ్బు తీసుకున్నందుకు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, ఐదు లక్షల లోపు కట్టినదైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించు. సినిమా పేరుతో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

సీతాఫల్‌మండి_సుధ:
కేసు అంటే బాబాయ్ ఒప్పుకోరు. పుస్తకం గురించి నలుగురికీ తెలిసిపోతుంది, నన్ను చూసి నవ్వుతారు అంటున్నారు. త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ పెట్టి చుట్టాలందర్నీ పిలిచారు కదా.

కథల_కిరణ్:
సుధ గారూ, ఆయన బాధ నాకు తెలుసు, ఆయన్ని తొందరపెట్టొద్దు. నాదీ మీదీ ఒకే కంపెనీ అనుకుంటున్నా, నా కాంట్రాక్ట్‌లో కూడా ఏడో క్లాజ్ అదే. నేను ఇందాక అన్న మాటలేవీ వెనక్కి తీసుకోను. హక్కుల సంగతి మాత్రం నాకు చెప్పలేదు. ఇద్దరం కలిసి రాస్తే ఆయన ఒక్కరే బయటపడినట్టు ఉండదేమో.

పాతపుస్తకం:
ఆ లెటర్ నేను డ్రాఫ్ట్ చేసిస్తాను. అమ్మకాల లెక్క, స్టాకు, మీ కథల ఫైళ్ళు, హక్కుల వాపసు, నాలుగూ అడగాలి. కేటగిరీ విషయం కూడా రాయాలి.

కథల_కిరణ్:
కేటగిరీ అక్కర్లేదు.

పాతపుస్తకం:
రాయాలండీ, అదే అన్నిటికంటే స్పష్టంగా కనిపించే తప్పు.

డీటీపీ_యాదగిరి:
ఫైల్ అడిగేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోకుర్రి, పేజ్‌మేకర్ల చేసిర్రో ఇన్‌డిజైన్ల చేసిర్రో ఆ ఓపెన్ ఫైల్ కావాలె అని రాయుర్రి. సుధమ్మా, ఆ ఒత్తులు వోయిన పేజీలు నాకు పంపు, నేను సరి చేసిస్త. ఆ కాంట్రాక్ట్ ఫొటో కూడ పెట్టుర్రి, పేర్లు కొట్టేసి.