ఒకే హద్దులకు కమాండ్‌కో వరుస: దీనికి దారి లేదా?

ప్రశ్న (అనంతపురం)

శింగనమల చెరువుకు నీళ్లు తెచ్చే వంకల మ్యాప్ చేస్తున్నాను. అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల ఫైల్‌లో చెరువు చుట్టుపక్కల భాగం వరకు కత్తిరించుకోవాలి. మ్యాప్ డేటా పనులకు వాడే జీడాల్ (GDAL) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జీడాల్‌వార్ప్ కమాండ్‌కు 'మైనస్ టీఈ' పెట్టి 77.6 14.7 77.9 14.9 అని ఇస్తాం. అంటే పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం హద్దులు, డిగ్రీల్లో. అదే ముక్కను జీడాల్ ట్రాన్స్‌లేట్‌తో కోయాలంటే 'మైనస్ ప్రోజ్‌విన్' తర్వాత 77.6 14.9 77.9 14.7 ఇవ్వాలి. ఉత్తరం ముందుకొచ్చింది, దక్షిణం చివరికి పోయింది. గీతలు, బిందువుల డేటాను మార్చే జీడాల్ కమాండ్ ఓజీఆర్2ఓజీఆర్‌లో అయితే ఫైళ్ల వరుసే తిరగబడుతుంది: ఫలితం ఫైల్ ముందు, అసలు ఫైల్ తర్వాత. ఓవర్‌రైట్ పెట్టిన రోజు అలవాటుకొద్దీ అటూఇటూ రాస్తే అసలు డేటాకే ముప్పు.

నా దగ్గర డిగ్రీ పిల్లలు నేర్చుకుంటున్నారు. వంక ఎటు పారుతుందో ఆలోచించాల్సినవాళ్లు అంకెల వరుస దగ్గరే అలసిపోతుంటే బాధగా ఉంది. అన్నిటికీ ఒకే పద్ధతి ఎవరైనా తెచ్చారా?

జవాబు 1 (కడప)

తెచ్చారన్నా. 2025లో వచ్చిన జీడాల్ 3.11 వెర్షన్ నుంచి 'జీడాల్' అనే ఒకే కమాండ్ ఉంది. దాని వెనక రాస్టర్ (ఎత్తుల ఫైల్ లాంటి గడుల డేటా) లేదా వెక్టర్ (గీతలు, బిందువుల డేటా), ఆ తర్వాత పని పేరు: క్లిప్ (కత్తిరించడం), కన్వర్ట్ (ఫైల్ ఫార్మాట్ మార్చడం), రీప్రొజెక్ట్ (కోఆర్డినేట్ పద్ధతి మార్చడం). దేన్ని క్లిప్ చేసినా హద్దులకు 'బీబాక్స్' ఒక్కటే, మీ మొదటి వరుసలోనే, మధ్యలో కామాలతో. ఫైళ్లలో అసలుది ముందు, ఫలితం తర్వాత. ముందు మీ వెర్షన్ చూసుకోండి. ఉబుంటు 24.04తో వచ్చేది 3.8, అందులో ఇది ఉండదు.

జవాబు 2 (కర్నూలు)

కొత్తది మంచిదే. పాత కమాండ్ల వరుస మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. మా దగ్గర రోజూ రాత్రి నడిచే స్క్రిప్టులన్నీ వాటి మీదే ఉన్నాయి. మ్యాపులు గీసే మరో సాఫ్ట్‌వేర్ జీఎంటీ (GMT) వాళ్లు 2019లో వెర్షన్ 6తో మోడర్న్ మోడ్ అనే కొత్త కమాండ్ పద్ధతి తెచ్చినా పాతదైన క్లాసిక్ మోడ్‌ను తీసేయలేదు. అలా చేయాలి. అయితే జీఎంటీలో హద్దులు పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం వరుసలో ఇవ్వాలి. రెండూ వాడేవాళ్లు నాలుగు అంకెలకూ విడివిడిగా పేర్లు పెట్టుకొని, ఏ కమాండ్‌కు కావాల్సిన వరుసలో దానికి స్క్రిప్ట్‌తోనే అందించడం మేలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పిల్లలకు ఇకనుంచి కొత్త కమాండే నేర్పిస్తాను. హద్దులకు పేర్లు పెట్టడం కూడా మొదటి క్లాసులోనే చెప్తాను.

జవాబు 1 (కడప)

స్క్రిప్ట్ తయారైతే ఇక్కడ పెట్టండన్నా, మా బుగ్గవంకకు వాడుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

తప్పకుండా. ఒక్కటి మార్చుకోండి: మా చెరువు యూటీఎం (భూమిని 6 డిగ్రీల నిలువు పట్టీలుగా విడదీసే మ్యాప్ పద్ధతి) 43వ జోన్‌లో ఉంది. మీరు 78 డిగ్రీలు దాటి ఉన్నారు కాబట్టి జోన్‌ను తెలిపే కోడ్ ఈపీఎస్‌జీ 32643 బదులు 32644 పెట్టాలి.