క్షయ వార్డులో ఒంటరిగా ఉన్న నాన్నగారితో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గర నుంచి)

మా నాన్నగారికి మామూలు మందులకు లొంగని క్షయ వచ్చింది. కాకినాడలో ప్రత్యేక గదిలో ఉంచి బెడాక్విలిన్ అనే మందు మొదలుపెట్టారు, తరచూ ఈసీజీ తీస్తున్నారు. వైద్యం గురించి నాకు దిగులు లేదు. మనిషే మారిపోయారు. కొబ్బరి దింపు రోజున తోటలో అందరినీ పేరుపేరునా పలకరించే ఆయన ఫోనులో ‘ఊఁ’ తప్ప అనరు. అమ్మ మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడితే గోడ వైపు తిరిగిపోతారు. నిన్న ఒక్క మాటే అడిగారు: "నా కంచం పారేశారా?" ధైర్యం చెప్పీ చెప్పీ నా మాటలు అరిగిపోయాయి. అలాంటి గదిలో ఉండి వచ్చినవారు చెప్పండి, లోపల ఏమనిపిస్తుంది?

జవాబు (పాలకొల్లు)

అమ్మా, నేను ఇదే జబ్బుతో అలాంటి గదిలో ఉన్నాను. మొదట చావు భయం ఉంటుంది. అది తగ్గాక సిగ్గు పట్టుకుంటుంది, భయం కన్నా అదే చెడ్డది. లోపలికి వచ్చేవారి కళ్లు తప్ప ముఖం కనబడదు. నర్సమ్మలు ఎంతో మంచివారు. అయినా పళ్లెం పెట్టి త్వరగా వెళ్తుంటే, పని తొందర అని తెలిసి కూడా, నన్ను చూసి పారిపోతున్నారనే అనిపించేది. నా ఊపిరి మా ఆవిడకు తగలకూడదని నేనూ గోడ వైపే తిరిగేవాడిని. మీ నాన్నగారిది కోపం కాకపోవచ్చు.

ధైర్యం చెప్పడం మానండి. "మీరేమీ ఆలోచించకండి, మేము చూసుకుంటాం" అని ఇంట్లోవాళ్లు అన్న ప్రతిసారీ, నేను లేకపోయినా ఇల్లు నడిచిపోతుందన్నమాట అనుకుని కుంగిపోయేవాడిని. ఒకరోజు మా తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, దాళ్వా పంటకు 1121 రకం వరి వేద్దామా? శివారు చేలకు కాలువ నీరు అందదంటున్నారు" అన్నాడు. వాడితో గట్టిగా వాదించాను. ఆ రాత్రి అన్నం సయించింది. మీ తోట సంగతులు ఆయననే అడగండి. నిజంగా ఆయన చెప్పినట్టే చేయండి, ఉత్తుత్తిగా అడిగితే తెలిసిపోతుంది.

జవాబు (రాజోలు, క్షయ విభాగంలో నర్సు)

కంచం, దుప్పటి, బట్టల వల్ల క్షయ అంటదు. రోగి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు గాలి ద్వారానే సోకుతుంది. ఈ మాట ఆయనకు సూటిగా చెప్పండి. ఇంకొకటి, ఆయన మందుల్లో సైక్లోసెరిన్ ఉందేమో చూడండి. దానివల్ల కొందరికి తీవ్రమైన దిగులు, భ్రమలు కలుగుతాయి. ఒంటరితనమే కారణమని వదిలేయకుండా డాక్టరుగారికి ఈరోజే చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు మీరూ ఫోను చేయవచ్చు, ఖర్చుండదు.

ప్రశ్న అడిగినవారు

చీటీలో సైక్లోసెరిన్ ఉందండీ. డాక్టరుగారికి చెప్పాను, మానసిక వైద్యులతో చూపిస్తామన్నారు. దింపు ఈ వారం పెట్టించాలా, ధర కోసం ఆగాలా అని నాన్నగారిని అడిగాను. ఆగమన్నారు. ఎందుకో కూడా చెప్పారు. రేపు వ్యాపారి వస్తే ఆ మాటే చెబుతాను.