పాత టోపీని మన తలకు తగ్గట్టు మార్చుకోవచ్చా, ఉన్నదున్నట్టే ఉంచాలా?

మలక్‌పేట మనవడు:

మా ఇంట్లో తాతగారి టోపీలు రెండున్నాయి. ఒకటి నల్ల పట్టు కుచ్చుతో ఉన్న ముదురు ఎరుపు రూమీ టోపీ (తుర్కీ ఫెజ్), రెండవది వెడల్పాటి అంచున్న బూడిద రంగు ఫెల్టు (ఉన్నినో బొచ్చునో ఒత్తి చేసే దళసరి గుడ్డ) హ్యాటు. ఆయన నిజాం స్టేట్ రైల్వేలో గుమాస్తాగా పనిచేశారు కాబట్టి రెండూ 1948కి ముందువేనని మా ఇంట్లో అందరి అంచనా. రెండూ నా తలకు బిగుతు. మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లికి షేర్వానీ మీద రూమీ టోపీ పెట్టుకోవాలని నా కోరిక. మా పేటలోని దర్జీ ఒకాయన దానిని వెనుకవైపు నిలువుగా చీల్చి, అదే రంగు పట్టీ వేసి వెడల్పు చేస్తానంటున్నాడు. హ్యాటు అంచును రెండంగుళాలకు కత్తిరిస్తే ఈ కాలానికి నప్పుతుందని కూడా సలహా ఇచ్చాడు. మా అక్కయ్య మాత్రం ససేమిరా అంటోంది, దారం పోగు కదిలించినా ఊరుకోనంటోంది. ట్రంకు పెట్టెలో పడి ఉండి పురుగుల పాలయ్యే వస్తువు కన్నా, నాలుగు మార్పులు చేసుకుని నలుగురిలో పెట్టుకున్న వస్తువే తాతగారికి గౌరవమని నా వాదన. తెలిసినవారు మొహమాటం లేకుండా చెప్పండి.

గురువారం సంత:

మీ అక్కయ్యగారి పక్షాన నిలబడుతున్నాను. ఏళ్లుగా జుమ్మేరాత్ బజారులో పాత సరుకు ఏరుకునేవాడిని కనుక, ఇలా "సరిచేసిన" టోపీలు ఎన్ని పనికిరాకుండా పోయాయో కళ్లారా చూశాను. మీది నిజంగా ఫెల్టు రూమీ టోపీ అయితే దానికి ఎక్కడా అతుకు ఉండదు. ఉన్నిని వేడినీళ్లలో సబ్బుతో మర్దించి, దగ్గరకు కుదించి, అచ్చు మీద సాగదీసి ఆరబెడితే వచ్చే రూపమది. ఆ వలయం తెగకుండా ఉన్నంతవరకే టోపీ నిటారుగా నిలుస్తుంది. వెనుక చీల్చి పట్టీ వేసిన మరుక్షణం అక్కడ ఒక వెన్నుపూస లేచినట్టు కుట్టు కనిపిస్తుంది, దానిని ఎంత ఇస్త్రీ చేసినా అణగదు.

ఇక చరిత్ర సంగతి. 1829లో ఒట్టోమన్ (తుర్కీ) సుల్తాన్ రెండవ మహమూద్ ప్రభుత్వోద్యోగులకు తలపాగా బదులు ఈ టోపీని నిర్ణయించాడు. ఆ తరువాత బొహీమియాలోని (నేటి చెక్ దేశం) స్ట్రకోనిట్సె వంటి ఊళ్ల నుంచి లక్షలాది టోపీలు తూర్పుదేశాలకు ఎగుమతి అయ్యాయి. 1925లో తుర్కియే ప్రభుత్వం చట్టం చేసి దానిని నిషేధిస్తే, మన హైదరాబాదులో మాత్రం హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా ఎందరో ఉద్యోగులు షేర్వానీతో పాటు దానిని ధరిస్తూనే ఉన్నారు. 1931లో ఏడవ నిజాం కుమారులు ఒట్టోమన్ వంశపు రాకుమార్తెలను పెళ్లాడేనాటికి, పెళ్లికూతుళ్ల స్వదేశంలో నేరమైన టోపీ పెళ్లికొడుకుల ఊరిలో మర్యాదగా ఉండటం నాకు ఎప్పటికీ తమాషాగానే ఉంటుంది. మీ టోపీ లోపలి తోలు పట్టీని మెల్లగా పైకెత్తి చూడండి. దాని కింద తయారీదారు ముద్ర గానీ, సైజు చీటీ గానీ ఉంటే మీ దర్జీ కత్తెరకు మొదట బలయ్యేది అదే.

సూదిదారం:

దర్జీలందరి మీదా ఒకే నింద వేయకండి. మా కుటుంబం మూడు తరాలుగా ఇదే వృత్తిలో ఉంది. గురువారం సంత గారు "అసలు రూపం" అంటున్నారు, అది ఏనాటి రూపమో ముందు తేల్చాలి. ఆ రోజుల్లో రూమీ టోపీని కొని అలాగే పెట్టెలో దాచుకున్నవారు లేరు. చెమటకు, వానకు రూపు చెడినప్పుడల్లా ఇత్తడి అచ్చుకు తొడిగించి వేడి మీద మళ్లీ నిలబెట్టించేవారు, కుచ్చు ఊడితే కొత్త కుచ్చు వేయించేవారు, తోలు పట్టీ చీకితే మార్పించేవారు. మీ తాతగారి టోపీ కుచ్చు ఎన్నవదో ఎవరికి తెలుసు? చీకిన చీర నుంచి జరీ అంచు విప్పి కొత్త చీరకు వేయించుకోవడం మన ఇళ్లలో ఆడవారికి ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, దానిని విధ్వంసమని ఎవరూ అనలేదు.

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆరవ నిజాం బట్టల బీరువా ఉంది. పొడవు 176 అడుగులని చెబుతారు, రెండంతస్తులు. వేసుకున్న బట్ట మళ్లీ వేసుకోడని ఆయనకు పేరు. అంత బీరువా ఉన్నవారు ప్రతి టోపీనీ ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు. రెండు గదుల ఫ్లాటులో ఉండేవారికి టోపీ అంటే పెట్టుకునేందుకే.

గురువారం సంత:

ఆ బీరువా గలాయన కుమారుడినే సాక్ష్యం అడగండి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒకే పాత రూమీ టోపీని ఏళ్ల తరబడి పెట్టుకునేవాడని ఊరంతా చెప్పుకునేది. చీల్చి వెడల్పు చేయించాడని మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

నూలుపోగు:

నేను వస్త్ర సంరక్షణలో శిక్షణ పొందినదాన్ని, పాత బట్టలతోనే నా పని. మీరిద్దరూ మార్పు అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులను కలిపేస్తున్నారు. కుచ్చు మార్చడం, తోలు పట్టీ మార్చడం, అచ్చు మీద రూపు దిద్దడం ఒక రకం. పాత భాగాన్ని కవరులో పెట్టి దాచితే రేపు ఎవరైనా దానిని తిరిగి వేయగలరు. చీల్చడం, అంచు కత్తిరించడం అలాంటివి కావు. కోసేసిన ఫెల్టు మళ్లీ పెరగదు. 1960ల ప్రాంతంలో సన్నని అంచు ఫ్యాషన్ అయినప్పుడు ఎందరో తమ వెడల్పు అంచు హ్యాట్లను కత్తిరించుకున్నారు. ఇవాళ పాత హ్యాట్లు సేకరించేవారు వెతికేది వెడల్పు అంచునే, కత్తిరించినదానిని ముట్టుకోరు. మనవడు గారి దర్జీ చెబుతున్న రెండంగుళాలు కూడా అటువంటి మోజే. పదేళ్ల తరువాత ఆయనే మూడంగుళాలు బాగుంటుందంటే అప్పుడు ఏం చేస్తారు?

అయితే గురువారం సంత గారితో కూడా నాకు పేచీ ఉంది. మ్యూజియం వస్తువుకు పాటించే నియమాన్ని ఇంటి వస్తువుకు యథాతథంగా రుద్దడం నాకు సమ్మతం కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం సైతం సాధారణంగా నూరేళ్లు నిండిన వస్తువునే పురావస్తువుగా లెక్కిస్తుంది. ఈ టోపీలు ప్రజల సొత్తు కావు, ఒక కుటుంబానివి. పెళ్లిలో ఒక పూట పెట్టుకోవడం వల్ల వచ్చే అరుగుదల, పట్టించుకోకుండా పెట్టెలో వదిలేయడం వల్ల జరిగే నష్టంలో పదోవంతు కూడా ఉండదు.

ఇప్పుడు అసలు పని. మొదట లోపలి తోలు పట్టీని చూడండి. పాత తోలు మీద వేలు రాస్తే ఎర్రటి పొడి అంటుకుంటే, ఆ తోలు లోపలి నుంచే క్షీణిస్తోందని అర్థం. నూనె రాసినా, పాలిష్ పట్టించినా అది బతకదు, పైగా ఆ నూనె ఫెల్టులోకి పాకి మరక వేస్తుంది. అలాంటి పట్టీని కుట్టు విప్పి తీసి కొత్తది వేయించుకోండి. పాత సూది రంధ్రాల గుండానే కొత్త దారం పోయేలా చేతితో కుట్టించండి, మిషను మీద వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ జిగురు వద్దు. పట్టీ ముడుచుకుపోవడం వల్లే చాలా టోపీలు బిగుతవుతాయి, ఫెల్టు వల్ల కాదు. కొత్త పట్టీ వేసిన తరువాత కూడా చాలకపోతే, ఫెల్టుకు కొద్దిగా ఆవిరి పట్టించి, కొయ్యతో చేసిన సాగదీసే దిమ్మెను లోపల పెట్టి మరతో నెమ్మదిగా విప్పుతూ ఒక రాత్రి వదిలేస్తే, సుమారు ఒక సైజు వరకు వస్తుంది. సైజుకూ సైజుకూ చుట్టుకొలతలో తేడా దాదాపు ఒక సెంటీమీటరు. అంతకు మించి లాగితే పలచబడుతుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. రూమీ టోపీ ఎరుపు పాత రంగు. లోపలివైపు కనిపించని చోట తడి తెల్లగుడ్డ అద్ది చూడండి, గుడ్డకు ఎరుపు అంటితే ఆవిరి మాట తలపెట్టవద్దు. హ్యాటు సంగతి వేరు. అది కుందేలు బొచ్చు ఫెల్టు అయ్యే అవకాశం ఉంది. ఆ బొచ్చు దగ్గరకు పట్టడానికి ఒకప్పుడు పాదరసపు లవణాన్ని పూసేవారు, టోపీ కార్మికులు నరాల జబ్బుల పాలైంది దానివల్లే. అమెరికాలో ఆ పద్ధతిని 1941లో ఆపేశారు. అంతకుముందు తయారైన బొచ్చు ఫెల్టులో పాదరసం మిగిలి ఉండవచ్చు కనుక దానిని మూసిన గదిలో ఆవిరి పట్టించవద్దు, గీకవద్దు, ఇసుక కాగితంతో రుద్దవద్దు. ఒక్కసారి తలకు పెట్టుకుని ఫొటో దిగడానికి ఇంత భయం అక్కరలేదు గానీ, రోజూ ఎండలో చెమటతో తిరగడానికి అది తగిన వస్తువు కాదు.

మలక్‌పేట మనవడు:

నూలుపోగు గారూ, మీరు చెప్పినట్టే చూశాను. రూమీ టోపీ పట్టీ ముట్టుకుంటే పొడి రాలింది. దాని కింద ముద్ర ఏమీ లేదు, పెన్సిలుతో ఉర్దూలో రాసిన ఒక అంకె మాత్రం ఉంది. కొలిస్తే నా తలకు, టోపీకి తేడా రెండు సెంటీమీటర్ల పైనే వచ్చింది. అంటే మీ లెక్క ప్రకారం దిమ్మె కూడా చాలదు కదా? అప్పుడు పెళ్లి సంగతేమిటి?

తెర వెనుక:

మేము రవీంద్రభారతిలో నాటకాలు వేసేవాళ్లం. రంగస్థలం మీద అసలు పాత టోపీని ఎన్నడూ వాడం. లైట్ల వేడికి, మేకప్పుకు అది ఒక్క ప్రదర్శనలోనే పాడవుతుంది. పత్తర్‌గట్టీ దుకాణాలలో మీ తల కొలత ఇచ్చి కొత్త రూమీ టోపీ చేయించుకోండి. పాతదానిని వెంట తీసుకువెళితే ఎత్తు, వాలు, కుచ్చు పొడవు చూసి చేస్తారు. మీ తమ్ముడి తల చిన్నదైతే పాతది ఆయనకే పెట్టవచ్చు కదా, అసలు పెళ్లికొడుకు ఆయనే!

సూదిదారం:

చీల్చమని నేనూ చెప్పను. అది మంచి పనివాడు చేసే పని కాదు, ఆ మాట ముందే అనవలసింది ఆ దర్జీ. కానీ నూలుపోగు గారు జిగురే వద్దంటున్నారు, పాత రంధ్రాల గుండానే కుట్టమంటున్నారు. ఎనభై ఏళ్ల ఫెల్టులో ఆ రంధ్రాలు సాగిపోయి ఉంటాయి, దారం నిలవదు. ఒక మిల్లీమీటరు పక్కన కొత్త వరుస వేయాలి. ఆ మాత్రం స్వేచ్ఛ చేతికి లేకపోతే పని జరగదు.

నూలుపోగు:

రంధ్రం నిజంగా సాగి ఉంటే పక్కన వేయండి, అభ్యంతరం లేదు. అయితే ముందుగా లోపల, బయట ఫొటోలు తీసి, ఏది ఎప్పుడు మార్చారో ఒక చీటీ రాసి పాత పట్టీతో పాటు ఉంచండి. ఆ పెన్సిలు అంకె ఉన్న చోట మాత్రం కుట్టు వేయవద్దు. మనవడు గారూ, పెళ్లికి కొత్తది చేయించుకోవడమే మీకు దారి. పాతదానిలో పట్టీ తప్ప మరేదీ మార్చనక్కరలేదు.

నిలవ విషయం కూడా ఇక్కడే చెబుతాను, మన ఊరి వానాకాలపు చెమ్మ ఫెల్టుకు బూజు పట్టిస్తుంది కనుక. కలరా ఉండలు నేరుగా టోపీలో వేయవద్దు. ఇప్పటికే పురుగు పట్టి ఉంటే టోపీని పాలిథిన్ సంచిలో పెట్టి, వీలైనంత గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, లేకపోతే చల్లటి ఫెల్టు మీద నీరు పడుతుంది. ఆ తరువాత గంజి పోయేలా ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలుగుడ్డను ఉండగా చేసి లోపల కూరి, అట్టపెట్టెలో పెట్టండి. హ్యాటును అంచు మీద నిలబెట్టవద్దు, తలకిందులుగా పెట్టండి. వార్తాపత్రిక కూరవద్దు, దాని సిరా, ఆమ్లం రెండూ దిగుతాయి.

గురువారం సంత:

పట్టీ వరకు ఒప్పుకుంటున్నాను. హ్యాటు రిబ్బను మాటెవరూ ఎత్తలేదు. అది వెలిసిపోయి ఉంటే, సూదిదారం గారు కొత్తది వేయమంటారని ఊహిస్తున్నాను. నా మాట వినండి, వెలిసినదానినే ఉంచండి.

సూదిదారం:

సరిగ్గా ఊహించారు. వెలిసిన రిబ్బను తీసి దాచండి, కొత్తది వేయండి. నూలుపోగు గారి నియమం ప్రకారమే అది తిరిగి వేయగల మార్పు. మనవడు గారూ, కొయ్య దిమ్మె నా దగ్గర ఉంది, హ్యాటు తేడా ఒక సెంటీమీటరు లోపే అయితే తీసుకురండి. మా కొట్టు వాకిట్లో, గాలి ఆడే చోటే ఆవిరి పడతాను.

మలక్‌పేట మనవడు:

హ్యాటు తేడా ముప్పావు సెంటీమీటరే. అంచు కత్తిరించే ఆలోచన మానుకున్నాను. రిబ్బను సంగతి అక్కయ్యను అడగాలి. పట్టీ మార్చడానికి ఆవిడ ఒప్పుకుంది గానీ, విప్పేటప్పుడు పక్కన కూర్చుంటానని షరతు పెట్టింది. సూదిదారం గారూ, ఆదివారం ఇద్దరం వస్తే కొట్టు తెరిచి ఉంటుందా?