పదేళ్ల డెస్క్‌టాప్: ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేసి నడిపించాలా? కొత్తది కొనాలా?

గోదారి_గట్టు
ఇంట్లో అందరూ వాడే అసెంబుల్డ్ సిస్టమ్. ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), పాతకాలపు వీజీఏ పోర్టు ఒక్కటే ఉన్న మానిటర్. విండోస్ 10. బాగా స్లో అయిపోయింది, యూట్యూబ్ కూడా ఆగి ఆగి నడుస్తోంది. నాన్నగారికి ట్యాలీ అకౌంట్స్, అమ్మకు యూట్యూబ్, బ్యాంకు పనులు. తమ్ముడు బీటెక్ సీఎస్ఈలో చేరాడు. షాపులో "దీని మీద రూపాయి పెట్టకండి, కొత్తది తీసుకోండి" అంటున్నారు. తెలిసినవాళ్లేమో "ఎస్ఎస్‌డీ వేస్తే చాలు" అంటున్నారు. మహా అయితే 40 వేలు పెట్టగలం. ఏది నయమండీ?

సాటా_కేబుల్
ముందు రోగం ఎక్కడుందో చూడండి. ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి పెట్టండి. డిస్క్ నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే ఉండి, సీపీయూ 20–30 దాటకపోతే తప్పు ప్రాసెసర్‌ది కాదు. 4 జీబీ నిండగానే విండోస్ మిగతాదంతా డిస్క్ మీద పేజ్‌ఫైల్‌లోకి తోసేస్తుంది. 7200 ఆర్‌పీఎం డిస్క్ పెద్ద ఫైలు ఒకటి కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ పైనే ఇస్తుంది గానీ, ఇలా చిల్లర చిల్లరగా చదవాల్సి వస్తే ఒకటి రెండు ఎంబీకి పడిపోతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లేలు ఉండవు, అన్నీ చిప్‌లే, కాబట్టి ఆ బాధ లేదు.

డిస్క్‌లు తగిలించే సాటా పోర్టుల్లో వేగమైన సాటా 3 రకం హెచ్81లో రెండే, మిగతా రెండూ సాటా 2. చాలా బోర్డుల మీద రంగు తేడా ఉంటుంది, పక్కన చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. రెండో రకానికి తగిలిస్తే వేగం సగమే.

ర్యామ్ 4+4 వేయండి. రెండు స్లాట్లూ నిండితే డ్యుయల్ ఛానెల్ (రెండు కర్రలూ ఒకేసారి పనిచేయడం) అయి ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ కూడా కాస్త తేరుకుంటుంది. ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. ఒకటి, "ఏఎండీకి మాత్రమే" అని ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3. అది ఇంటెల్ బోర్డులో పని చేయదు. రెండు, పాత సిస్టమ్‌లో 32 బిట్ విండోస్ ఉందేమో చూసుకోండి. ఉంటే ఎంత ర్యామ్ వేసినా 3 జీబీ చిల్లరే వాడుకుంటుంది. అందుకే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీకి దించే క్లోనింగ్ వద్దు. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్) సాటా మోడ్‌ను పాతకాలపు ఐడీఈ బదులు ఏహెచ్‌సీఐ చేసి 64 బిట్ తాజాగా ఎక్కించండి. పాత ఇన్‌స్టాల్‌ను ఐడీఈ మోడ్ నుంచి నేరుగా ఏహెచ్‌సీఐకి మారిస్తే బూట్ కాకుండా బ్లూ స్క్రీన్ వచ్చే ప్రమాదం ఉంది.

బోర్డు_బాబాయ్
వేగం సంగతి నిజమే, కాదనను. ఆ తర్వాత మాట ఏమిటి? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మంగళం పాడింది. విండోస్ 11కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలతో పాటు ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం అయినా కావాలి. వీళ్లది 4వ తరం (4130లో మొదటి అంకె అదే). బ్యాంకు పనులు జరిగే సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఎస్ఎస్‌డీ వేసి లాభం? పైగా డీడీఆర్3 కొంటే ఆ డబ్బు ఆ బోర్డుతోనే పోతుంది, ఇంకెందులోనూ పట్టదు.

సాటా_కేబుల్
బాబాయ్ గారూ, ఈఎస్‌యూ (గడువు తర్వాత కూడా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకం)లో చేరితే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు. రూఫస్ అనే టూల్‌తో ఆ తనిఖీలు దాటవేసి విండోస్ 11 ఎక్కించినా 4వ తరంలో నడుస్తుంది.

బోర్డు_బాబాయ్
నడుస్తుంది. కానీ 24హెచ్2 లాంటి పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా అది తనంతట తాను రాదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే యూఎస్‌బీ తయారుచేసుకుని మీరే ఎక్కించాలి. మనలాంటి వాళ్లకు అది సరదా. ట్యాలీ వాడే పెద్దాయనకు ఆ తలనొప్పి ఎందుకు? విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోమనే వాళ్లు కూడా ఈపాటికి టైపు చేస్తూ ఉంటారు. మింట్ 22కి 2029 వరకు సపోర్ట్ ఉంది, బ్రౌజింగ్‌కు హాయిగా ఉంటుంది. ట్యాలీ మాత్రం విండోస్ ప్రోగ్రామే. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసేవాళ్లదీ అదే ఇబ్బంది.

సికింద్రాబాద్_సీటీసీ
అన్నా, మీరిద్దరు కొట్లాడుకునుడే గానీ మధ్యల ఇంకో తొవ్వ ఉంది కదా. రీఫర్బిష్డ్, అంటే ఆఫీసులల్ల వాడినంక బాగుచేసి అమ్మే సిస్టమ్. సికింద్రాబాద్‌ల కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ల తిరిగితే కావలసినన్ని దొరుకుతయి. ఐ5-8500 అంటే ఆరు కోర్లు, విండోస్ 11 దర్జాగా ఎక్కుతది. అండ్ల విండోస్ 10 ప్రో ఒరిజినల్ లైసెన్స్ కీ మదర్‌బోర్డుల్నే ఉంటే 11 కూడా యాక్టివేట్ అయితది.

కొనేటప్పుడు స్టిక్కర్ నమ్మొద్దు. "ఐ5" అంటే ఏం లేదు, గీత తర్వాత అంకె చూడాలె. డెల్ ఆప్టిప్లెక్స్ 3050, 3060 పక్కపక్కన పెడ్తే ఒక్కతీరుగనే కనపడ్తయి. 3050ల 6, 7 తరాలే ఉంటయి, 3060ల 8వ తరం. గా ఒక్క అంకెల్నే మొత్తం కథ ఉంది. దుకాణంలనే ఆన్ చేపిచ్చి, బయోస్‌ల ప్రాసెసర్ పేరు చదువు. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉంటే ఆడనే తీపియ్యి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌ల తీస్కపోయి ఎస్ఎస్‌డీ హెల్త్ చూడు. బిల్లు లేకుంట మాత్రం తీస్కోకు.

ఇంగ మానిటర్. 3060ల డిస్‌ప్లే పోర్ట్, హెచ్‌డీఎంఐ ఉంటయి, వీజీఏ అన్నిట్ల రాదు. మీ పాత మానిటర్‌కు కన్వర్టర్ కొనాలె.

ఎర్తింగ్_ఉందా
ఎస్ఎంపీఎస్ గురించి ఒక్కరూ మాట్లాడరేమిటండీ? కేబినెట్‌తో ఊరికే వచ్చిన "450 వాట్స్" మీద ఉన్న అంకె స్టిక్కర్‌కే పరిమితం. పదేళ్లు నడిచిందంటే లోపల కెపాసిటర్లు (కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఎండిపోయే వయసు. బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లను టార్చి వేసి చూడండి. పైమూత చదునుగా కాక ఉబ్బినట్టున్నా, గోధుమరంగు మరక కారినట్టున్నా అప్‌గ్రేడ్ మాట మర్చిపోండి.

కేబినెట్ ముట్టుకుంటే చుర్రుమంటోందా? ఎర్త్ లేదన్నమాట. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సగం మెయిన్స్ వోల్టేజి తేలుతుంది. కరెంటు తక్కువే గానీ యూఎస్‌బీ పోర్టులు, హెచ్‌డీఎంఐ పోర్టులు దీనివల్ల కూడా పోతాయి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌లో 2, 3 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ పని కొత్త సిస్టమ్ వచ్చాక కాదు, ముందే.

కోడ్_కుర్రాడు
తమ్ముడి గురించి చెప్తా. సీ, పైథాన్, జావా మొదటి ఏడాది ల్యాబ్‌లకు ఆ ఐ3 + 8 జీబీ సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, డాకర్ లాంటి బరువైన ప్రోగ్రాములు మొదలయ్యాక రెండు కోర్లతో బిల్డ్ పెట్టి కూర్చోవడమే, 16 జీబీ లేకపోతే నరకం. హెచ్81లో 16 జీబీ వేయొచ్చు గానీ 8 జీబీ డీడీఆర్3 కర్రలు రెండు కొనడం దండగ.

ఇంకోటి, ఎస్ఎస్‌డీ వేసినా యూట్యూబ్ సమస్య తీరదు. యూట్యూబ్ వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే ఫార్మాట్లలో పంపిస్తుంది. 4వ తరం గ్రాఫిక్స్‌కు వాటిని విప్పే హార్డ్‌వేర్ లేక భారమంతా సీపీయూ మీద పడుతుంది. వీడియోను పాత హెచ్.264 ఫార్మాట్‌లోనే రప్పించే హెచ్264ఐఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే 1080పీ వరకు గట్టెక్కుతారు. 8వ తరంలో వీపీ9 వరకు చిప్పే చూసుకుంటుంది.

బోర్డు_బాబాయ్
కొత్తదే కొంటే ఐ3-12100, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. 12100ఎఫ్ అంటగట్టనివ్వకండి, "ఎఫ్" ఉంటే గ్రాఫిక్స్ లేనట్టే, విడిగా కార్డు కొనాలి. హెచ్610లో డీడీఆర్4, డీడీఆర్5 బోర్డులు వేర్వేరు. ర్యామ్ రేటు చూశాకే బోర్డు ఎంచుకోండి.

సాటా_కేబుల్
ఆ రేట్లే కదా గోల. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ర్యామ్ తయారుచేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడమే మానేస్తామని 2025 డిసెంబరులో చెప్పేసింది. ఇప్పుడు కొత్త సిస్టమ్ అంటే 40 వేలలో సగానికి సగం ర్యామ్, ఎస్ఎస్‌డీలకే పోయేలా ఉంది. ర్యామ్‌తో సహా వచ్చే రీఫర్బిష్డే నయం అనే మాట వరకు నేనూ ఒప్పుకుంటా. డీడీఆర్3 విషయంలో బాబాయ్ గారిదే రైటు. ఎస్ఎస్‌డీ మాత్రం ఇప్పుడే కొనొచ్చు, రేపు ఏ సిస్టమ్‌కైనా రెండో డ్రైవ్‌గా పనికొస్తుంది.

ఎర్తింగ్_ఉందా
కొత్త ఎస్ఎంపీఎస్ కూడా అలాగే వేరే సిస్టమ్‌కు పనికొస్తుంది అనుకోకండి. ఆప్టిప్లెక్స్ లాంటి వాటిలో కనెక్టర్లు, కొలతలు వేరు, మామూలు ఏటీఎక్స్ సైజుది పట్టదు. రీఫర్బిష్డ్ తీసుకునే ఆలోచన ఉంటే పాతదానికి ఎస్ఎంపీఎస్ కొనొద్దు.

గోదారి_గట్టు
అందరికీ థాంక్సండీ. టార్చి వేసి చూశాను, రెండు కెపాసిటర్లు ఉబ్బాయి. రీఫర్బిష్డ్ 8వ తరం, 16 జీబీ వైపే మొగ్గుతున్నాం. ట్యాలీ, పాత ఫోటోలు ఎలా మార్చుకోవాలి?

సాటా_కేబుల్
పాత డిస్క్‌కు ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టండి. 05 గానీ సీ5 గానీ వరుసలో (డిస్క్‌లో పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క) ముడి విలువ, అంటే రా వాల్యూ, సున్నా కాకపోతే ఇవాళే ఫోటోలు బయటకు తీయండి, డిఫ్రాగ్ లాంటివి చేసి దాన్ని ఇంకా శ్రమ పెట్టొద్దు. బాగుంటే యూఎస్‌బీ 3.0 సాటా కేబుల్‌తో కాపీ చేసుకోవచ్చు. 3.5 అంగుళాల డిస్క్ కాబట్టి విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న రకమే కావాలి.

ట్యాలీలో కంపెనీ డేటా బ్యాకప్ తీసి, పాత సిస్టమ్ నెట్‌లో ఉండగానే లైసెన్స్ సరెండర్ చేయండి, అంటే ఆ సిస్టమ్ నుంచి విడిపించండి. తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేసి రీస్టోర్ చేయండి. కొత్తదాంట్లో నాన్నగారు ఒక వోచర్ వేసి, ప్రింట్ తీసుకునే దాకా పాత డిస్క్‌ను ఫార్మాట్ కొట్టొద్దు.