పడవ ట్రైలర్‌కి 102/100 టైర్లు సరిపోతాయా?

మాది ఒకే యాక్సిల్, రెండు చక్రాల ట్రైలర్. ఫైబర్ పడవని భీమిలి నుంచి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి రిపేరుకి తెచ్చేది దీని మీదే. పడవ, ఇంజను, వలలతో సహా ట్రైలర్‌ని కాటా వేయిస్తే 1,460 కిలోలు తూగింది.

ఇప్పుడున్నవి ట్రైలర్‌తో పాటే వచ్చిన 185/70 ఆర్14 88టి కారు టైర్లు. 88 అనేది టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె (లోడ్ ఇండెక్స్), అంటే టైరుకి 560 కిలోలు, రెండూ కలిపి 1,120. అక్కడే లెక్క తప్పుతోంది. గాలి 32 పీఎస్ఐ నుంచి 40కి పెంచాం, స్పీడు 50 దాటనివ్వలేదు. అయినా రుషికొండ దాటేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి. ఎడమ టైరు పక్క గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు లేచింది, దాని చుట్టూ సన్నని పగుళ్లు. వెనక మనుషులు బైకుల మీద వస్తుంటారు, అదే నా టెన్షన్.

ఆటోనగర్‌లో ఒకరు ‘ప్లై (టైరు లోపలి పొరలు) ఎక్కువుంటే చాలు’ అన్నారు. నాకది సరైన సమాధానం అనిపించలేదు. ఇంకొకరు 185 ఆర్14సి, 8 పీఆర్ (ప్లై రేటింగ్), 102/100 చూపించారు. రెండో అంకె ఒక్కో పక్క రెండేసి బిగించే జంట చక్రాలకి కాబట్టి మాకు వర్తించేది 102, అంటే 850 కిలోలు. రెంటికీ 1,700. మిగులు 240. కానీ అది టైరుకి చెప్పిన పూర్తి ప్రెషర్ ఉంటేనే, పైగా పడవ బరువు ఎప్పుడూ రెండు పక్కలా సమానంగా పడదు. 195 ఆర్14సి, 106/104 అయితే టైరుకి 950 వస్తుంది గానీ, అది ఎత్తు ఎక్కువ. మడ్‌గార్డు కోయించాలి.

ఇలాంటి ట్రైలర్ వాడినవాళ్లు చెప్పండి: 1,460 కిలోలకి 102/100 మిగులు చాలా, లేక మడ్‌గార్డు మార్పించి 106/104కే వెళ్లాలా?