అప్‌డేట్: యుద్ధానికి పోకుండా కట్టే స్కూటేజ్, ఆ రేటు లెక్క దొరికింది

మొన్న అడిగాను కదా, ఇంగ్లాండులో రాజు దగ్గర భూమి తీసుకున్నవాళ్ళు సైన్యంలోకి రాకుండా స్కూటేజ్ అని డబ్బు కట్టేవాళ్ళంటే ఆ రేటు ఎలా పెట్టారు, రాజుకేంటి లాభం అని. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి, ముఖ్యంగా రోజు జీతంతో లెక్కేసి చూడమన్నాయనకి.

1159లో ఇంగ్లాండు రాజు రెండో హెన్రీ ఫ్రాన్సు దక్షిణాన ఉన్న టూలూజ్ మీదకి పోయినప్పుడు ఒక నైట్‌ని, అంటే గుర్రమెక్కి పోరాడే యోధుణ్ణి, పంపాల్సిన భూమికి 2 మార్కులు వేశాడు. మార్కంటే 160 పెన్నీలు, రెండుకి 320. అప్పట్లో నైట్ జీతం రోజుకి 8 పెన్నీలు, చెయ్యాల్సిన సేవ 40 రోజులు, గుణిస్తే సరిగ్గా 320! ఎంత బాగా కుదిరిందో చూడండి. 40 రోజులవగానే ఇంటిదారి పట్టేవాడి కన్నా, ఆ డబ్బుతో జీతమిచ్చినన్నాళ్ళూ సముద్రం అవతల నిలబడే కిరాయి సైనికుడే రాజుకి మేలు కదా. రాజు దగ్గర భూమి తీసుకున్న పెద్ద ప్రభువులు, అంటే బారన్లేమో, ఆ డబ్బుని తమ కింద భూమి ఉన్నవాళ్ళ దగ్గర రాబట్టుకునేవాళ్ళు, అదే నాకు బాధనిపించింది.

హెన్రీ కొడుకు జాన్ రాజయ్యాక మాత్రం దీన్ని మాటిమాటికీ వేసి 1214లో 3 మార్కులు అడిగితే ఉత్తరాది బారన్లు కట్టం పొమ్మన్నారు, మరుసటేడు రాజు చేత ఒప్పించిన హక్కుల పత్రం మాగ్నా కార్టా 12వ క్లాజులో అందరి సమ్మతి లేనిదే వెయ్యకూడదని రాయించారు, 1216లో మళ్ళీ జారీ చేసినప్పుడు ఆ క్లాజే ఎత్తేశారు. ఎవరి కింద ఎంతమంది నైట్లున్నారో 1166లో బారన్లు హెన్రీకి రాసి పంపిన జవాబులు ఇప్పటికీ ఉన్నాయట, ఇక అవే చదువుతా.